గ్యాప్ లేకుండా

“పాటకీ పాటకీ మధ్య గ్యాప్ రాకూడదన్నయ్యా. ఒక్క క్షణం కూడా,” అంది కనకదుర్గ.

చంద్రమోహన్‌కి ఒళ్ళు మండింది. స్నేహితుడు ఉదయ్‌కుమార్ పోయి వారం తిరగలేదు. పరామర్శకని విశాఖపట్నంలో బస్సెక్కి చోడవరం వస్తే, ఆ స్నేహితుడి భార్య మంచినీళ్ళైనా ఇవ్వకుండా తీసుకెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది.

“ఇప్పుడు పాటలేటి చెల్లమ్మా? ఊరు ఏటనుకుంటాది?”

“మెల్లగా మాట్లాడన్నయ్యా. ఎందుకో తర్వాత సెప్తాను. ఉన్న ప్లేయర్ నాలుగు పాటలకోసారి ఆగిపోతంది. వడ్డాది నుంచి అచ్చియ్యమ్మ పిన్నీవాళ్ళు ఆటో ఎక్కేసేరంట. ఆళ్ళొచ్చేలోగా అయిపోవాలి.”

అది ఉదయ్ కంప్యూటరే. బొమ్మలూ బటన్లూ ఉన్న ప్లేయర్‌ని మోసే ఓపిక ఆ పాతదానికి లేదు. చంద్రమోహన్ తన ఫోన్ నుంచి నెట్ ఇచ్చి, నల్లతెర తెరిచి, కమాండ్లతో నడిచే ప్లేయర్ ఇన్‌స్టాల్ చేశాడు. సెట్టింగుల ఫైల్లో పాటల ఫోల్డర్ ఎక్కడుందో రాశాడు. ప్లే అని కొట్టాడు. తెర మీద పాట పేరైతే వచ్చింది గానీ, చప్పుడు లేదు.

“రాదేటన్నయ్యా?” అంది కనకదుర్గ. వీధిలో ఏ బండి చప్పుడైనా గుమ్మంలోకి పరిగెత్తి చూసొస్తోంది. మొగుడు పోయినప్పుడైనా ఇంత కంగారు పడిందో లేదో అనుకున్నాడతను.

సౌండు స్పీకర్లకి కాకుండా మానిటర్‌కి పోతోంది. ఫైల్లో ఆ లైను మార్చాడు. పాట అందుకుంది.

కనకదుర్గ స్పీకర్లు రెండూ ఎత్తుకెళ్ళి, మూసి ఉన్న లోపలి గది తలుపుకి ఆనించింది.

“అందులో సన్యాసమ్మత్త పడుకునుంది కదమ్మా! గుండె ఆపరేషనైన మనిషి.”

“అత్త కోసమే అన్నయ్యా.”

కొడుకు పోయిన తల్లికి సినిమా పాటలు కావాలట! ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో. బస్టాండులోనే ఎవరో అన్నారు, ఈ మహాతల్లి శవాన్ని ఇంటికి కూడా రానివ్వలేదనీ, ఆసుపత్రి నుంచి అటునుంచటే శ్మశానానికి పంపించేసిందనీ. అప్పుడతను నమ్మలేదు.

“క్రాస్‌ఫేడ్ పెట్టేను. ఒక పాట అవకుండానే రెండోది అందుకుంటాది,” అన్నాడు పొడిగా.

“సచ్చి నీ కడుపున పుడతానన్నయ్యా,” అని చేతులు జోడించింది.

ఇంతలో ఆటో ఆగింది. అచ్చియ్యమ్మ గుండెలు బాదుకుంటూనే దిగింది. కనకదుర్గ ఎదురు పరిగెత్తి చేతులు అడ్డం పెట్టింది.

“లోపలికొద్దు పిన్నీ, నీకు దణ్ణం పెడతాను!”

“ఛీ, నువ్వూ ఒక ఆడదానివేనేటే!” అంటూ అచ్చియ్యమ్మ ఆమెను తోసుకుని అరుగెక్కేసింది. “ఓరి నాయనో! ఎలిపోయేవా బాబో!” ఆ శోకం మీద డ్యూయెట్ హోరెత్తిపోతోంది.

చంద్రమోహన్‌కి తల కొట్టేసినట్టయింది. ఉదయ్ మొహం గుర్తొచ్చి ఏడుపు తన్నుకొచ్చింది. పోయినవాడికి ఈపాటి మర్యాదైనా దక్కొద్దా? కీబోర్డు లాక్కుని, స్టాప్ అని కొట్టి ఎంటర్ నొక్కాడు.

పాట ఆగింది. ఇల్లంతా ఏడుపే వినిపిస్తోంది.

గుమ్మంలో కనకదుర్గ మొహాన కత్తివాటుకి నెత్తుటి చుక్క లేదు. “పాట పెట్టన్నయ్యా! పెట్టు!” అని అరిచింది.

మూసిన తలుపు వెనక నుంచి సన్యాసమ్మ గొంతు వచ్చింది.

“ఏడుపులు ఎవరింట్లోనే, దుర్గా?”