మూడో ఫొటో

"ఆ మిషను మొహం మండ, ఇవాళ కూడా నా వేలు తీసుకోలేదు" అంటూ సన్యాసమ్మ ఖాళీ రేషన్ సంచిని గడప దగ్గర విసిరికొట్టింది.

"మళ్లీ ముద్ర పడలేదా నాయనమ్మా?" అంది పద్మశ్రీ.

"మూడుసార్లు చెయ్యి కడుక్కోమన్నాడు డీలరు. ముప్పై ఏళ్లుగా భవానీపురంలో చేపలమ్ముతున్నా. నన్నెరగంది ఆ మిషనొక్కటే."

పద్మశ్రీ ఫోన్ తీసింది. దానికి కొత్త లెన్సు తగిలించి బాగా దగ్గరగా తీసిన ఫొటోలు అందులో ఉన్నాయి. "ఇదేంటో చెప్పు."

"కొరమేను పొలుసు. బియ్యం రాలేదని నేను మండిపోతుంటే నీకు ఆటలా?"

"మరి ఇది?"

"రొయ్య కన్ను. ఇక చాల్లే."

"ఇదొక్కటే."

సన్యాసమ్మ ఫోన్‌ను దగ్గరికి, దూరానికి జరిపి చూసింది. అంతా నున్నగా ఉంది, మధ్యలో అడ్డదిడ్డంగా గాట్లు. "చేపలు కోసే చెక్క" అంది. పద్మశ్రీ కాదంది.

"అరిగిపోయిన చెప్పు. అదీ కాదా? అయితే నాకు తెలీదు, పో."

"నీ బొటనవేలు. నిన్న మధ్యాహ్నం నువ్వు కునుకు తీస్తుంటే తీశా."

సన్యాసమ్మ తన వేలిని ఫొటో పక్కన పెట్టి చాలాసేపు చూసుకుంది.

"నా వేలిని నేనే పోల్చుకోలేకపోయా. ఇక ఆ మిషన్నేం తిడతానే" అంది.