బంతిపూల కంచె

రోలరుకు ఇనుప కంచె బిగించాలి, తెగిన వైరు మార్చాలి, నేల మీది నూనె తుడవాలి. మా కారం మిల్లులో గోడకన్ను, అంటే సర్కారు గోడకు బిగించిన తనిఖీ కెమెరా, పట్టిన లోపాలివి. అవి సరిచేసేదాకా యజమానే ఆ యంత్రం దగ్గర పనిచేయాలి. చట్టం వేసే శిక్ష అదే. షావుకారు వైరు మార్పించాడు, నూనె తుడిపించాడు, భయపడుతూనే మిరపకాయలు పోశాడు గానీ, కంచె మాత్రం పెట్టించలేదు.

ఆయుధపూజకు రోలరుకు అడ్డంగా బంతిపూల దండ కట్టాం. గోడకన్ను దాన్నే కంచె అనుకుని పచ్చదీపం వెలిగించింది. షావుకారు గబుక్కున లేచి, రోజూ అక్కడ పనిచేసే నాగరత్నాన్ని పిలిచాడు.

"అది పూలదండేనండీ," అన్నాను.

"కన్నే ఒప్పుకుంది. మధ్యలో నీకేంటమ్మా?"

"నా చేతులక్కూడా ఓ దండేయండి బాబుగారూ," అంటూ నాగరత్నం కూర్చుంది.

నేను తనిఖీ శాఖకు ఫిర్యాదు పెట్టాను. లోపమేమీ లేదని గోడకన్నే జవాబిచ్చింది.

దండ కొసను రోలరు లాక్కుంటోంది. అన్నంలో కారం కలుపుకునేటప్పుడు మా నాగరత్నాన్ని ఒక్కసారి తలుచుకోండి.