ఏడో ముడి

ఉద్యోగం కాగితం చేతికొచ్చిందని చెప్పగానే అమ్మ ఆ అట్ట తెమ్మంది.

పదో తరగతిలో నా ఎనిమిది లక్ష్యాలూ రాసుకున్న అట్ట అది. అమ్మకు చదువు రాదు. కుట్టుపనిలో ఏ బట్టలు ఎవరివో దారం ముడులతోనే గుర్తుపెట్టుకునేది. నా లక్ష్యం ఒకటి నెరవేరినప్పుడల్లా అలాగే ఆ వరుస పక్కన సూదితో ఎర్రదారం ముడి వేసేది.

ఎనిమిదో ముడి మాత్రం ఇవాళ నేనే వేశాను. అమ్మకు చూపు పోయి నాలుగు నెలలైంది. ఇక రాదన్నారు డాక్టర్లు.

అమ్మ అట్టను ఒళ్లో పెట్టుకుని ముడులు తడుముతూ వేలిని కిందికి జరిపింది. ఆరోదాని తర్వాత ఖాళీ తగిలి వేలు ఆగింది.

"ఏమే, ఏడోది ఇంకా అవ్వలేదా?"

"లేదమ్మా."

"డిగ్రీ చేశావు, ఉద్యోగం కొట్టావు. వీటికంటే కష్టమైందా అది?"

"కష్టమేం కాదు. రోజూ ఓ అరగంట కూర్చుంటే సరిపోయేది. ఈ పరీక్షలవనీ, ఆ పరీక్షలవనీ అనుకుంటూ..."

"పోన్లే పిచ్చిదానా! ఇప్పుడు తీరిక దొరికిందిగా, మొదలుపెట్టు. నేను చూడకపోతేనేం, ముడి వేలికి తగిలితే చాలు." అమ్మ నవ్వింది. "ఇంతకీ ఏముందే అందులో? అడిగినప్పుడల్లా తర్వాత చెప్తానంటావు. ఇప్పుడైనా చదివి వినిపించు."

నేను అట్ట మీదికి వంగాను.

అమ్మ వేలి పక్కనే, నా చిన్నప్పటి గుండ్రటి అక్షరాల్లో ఉంది: "అమ్మకు చదవడం నేర్పాలి."