ఐదు నంబర్లు

కట్టంగూర్ శివారులో సైదమ్మ వరిపొలం నెర్రెలు బారింది. ఫోన్ చేస్తే బోరు మోటారు నడిచేలా భర్త కొత్త స్టార్టరు బిగించి లారీ మీద వెళ్లిపోయాడు. రెండు రోజులుగా అతని ఫోను కలవడం లేదు. సైదమ్మ తన ఫోన్ నుంచి ఎన్నిసార్లు రింగిచ్చినా మోటారు కదలలేదు.

మెకానిక్ ముజాహిద్ వచ్చేసరికి ఆమె స్టార్టరు డబ్బా ముందు బండరాయి ఎత్తి నిలబడింది.

"గీ డబ్బాను పలగ్గొడ్త! నా పొలం ఎండవెట్టనీకే తెచ్చిన్రా దీన్ని?"

"ఆగక్కా! డబ్బా మంచిగనే ఉంది. గిండ్ల ఎక్కిచ్చిన నంబర్లకే పలుకుతది. ఐదే పడ్తయి. ఐదూ నిండినయి."

"ఎవలెవలియి?"

"బావది, మీ మామది, మీ మరుదులిద్దరియి. ఇంకోటి నాది."

సైదమ్మ రాయి కింద పడేసింది.

"ఈ యేడు నాటుకు, కలుపుకు గీ మడిల దిగినోళ్లయే ఉంచు. తక్కినయి తీసెయ్."

ముజాహిద్ మొదట తన నంబరే తీసేశాడు. తర్వాత ఒక్కొక్కటిగా మిగతావి తీశాడు. డబ్బాలో ఒక్క నంబరూ మిగల్లేదు.

"నీ నంబరు చెప్పక్కా," అన్నాడు మెల్లగా.