కన్నతల్లి వాటా

తమ్ముడు మధుబాబు పెద్దకర్మ అయిన మర్నాడే చలపతికి తల్లి మీద ప్రేమ పొంగుకొచ్చింది.

అంతవరకూ రుక్మిణమ్మగారి మంచం పెరట్లో కొబ్బరికాయల కొట్లో ఉండేది. ఆ రోజు ముందుగదిలోకి వచ్చింది. మంచం పైన ఫ్యాను కూడా తిరిగింది. కొత్త నేతచీర వచ్చింది. ఎదురింటివాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

కారణం రాజోలు బ్యాంకులో ఉంది. మధుబాబు అక్కడ పన్నెండు లక్షలు దాచాడు. నామినీ పేరు రాయలేదు. వీలునామా లేదు. పిల్లల్లేరు. అలాంటప్పుడు భార్యకెంతో కన్నతల్లికీ అంతేనని ఎవరో ప్లీడరు చెవినేశాడు. ఇక చలపతికి నిద్ర పడితే ఒట్టు.

ఏసీ కారులో తల్లిని బ్యాంకుకి తీసుకెళ్తూ దారంతా పాఠం చెప్పాడు.

“మేనేజరుగారు అడిగితే తడబడకమ్మా. కన్నతల్లినండీ అను. కాస్త ఏడిస్తే మరీ మంచిది.”

“ఆయ్” అని తలూపారావిడ.

మధుబాబు భార్య శ్రీకళ బ్యాంకు గుమ్మంలోనే ఎదురైంది. ఆ డబ్బు తప్ప ఆమెకు మరో ఆధారం లేదు.

“మావగారి తోట మొత్తం మీకే వచ్చింది కదండీ బావగారూ. ఇదైనా నాకొదిలెయ్యండి. అప్పుడు తోట దావాలో మీరన్న మాటేంటి, ఇప్పుడంటున్న మాటేంటి?”

“అది తోట, ఇది బ్యాంకు. రెండూ కలపకూడదమ్మా. చట్టం ఇస్తా ఉంటే వద్దంటానికి నేనెవర్ని చెప్పు?”

ఎంత ధర్మాత్ముడో! తల్లి వాటా ఏ ఖాతాలో పడాలో కూడా ముందే రాసుకొచ్చాడు. ఖాతా తనదే.

శ్రీకళ ఆశగా అత్తగారి వైపు చూసింది. ఆవిడ తల తిప్పేసుకున్నారు.

మేనేజరు ముగ్గుర్నీ కూర్చోమన్నాడు. చలపతి కూర్చుంటూనే అందుకున్నాడు.

“మా అమ్మకి ఒక్కసారి చెబితే చాలండి, జన్మలో మర్చిపోదు. ఎంత పెద్దోళ్ళడిగినా బెదరదు. నేర్పింది నేర్పినట్టు...” నాలిక్కరుచుకున్నాడు. “అదేనండి, ఉన్నది ఉన్నట్టు చెప్పేత్తాది.”

మేనేజరు ఆవిడ వైపు తిరిగాడు.

“అమ్మా, చనిపోయిన మధుబాబుగారు మీకేమవుతారండీ?”

చలపతి ముందుజాగ్రత్తగా రుమాలు తీసి కళ్ళొత్తుకున్నాడు. రుక్మిణమ్మగారు కోడలి వైపు చూశారు. ఎవరూ నేర్పకుండానే ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. గొంతు మాత్రం వణకలేదు.

“ఏమీ కాడండీ, పురిట్లోనే మా చెల్లెలికి దత్తతిచ్చేసేం, వాడు నా కొడుకే కాడని పోయినేడు తోట దావాలో మా పెద్దోడు జడ్జిగారి ముందు నాచేత ప్రమాణం చేయించేడు కదండీ!”