చీటీ విప్పి చూసే మనిషి

ఆదివారం ఆరాధన ముగిశాక గొడుగావిడ చీటీల పళ్లెంలో చెయ్యి పెట్టగానే టైలరమ్మ గుండె గుభేలుమంది.

ఆ చర్చిలో ఒక పద్ధతి ఉంది. ప్రార్థన కోరుకునేవాళ్లు పేరుతో సహా చీటీ రాసి పెట్టెలో వేస్తారు. ఆదివారం వాటిని పళ్లెంలో పోస్తే, చేతికందిన చీటీ తలా ఒకటి తీసుకుని వారమంతా ఆ మనిషి కోసం ప్రార్థన చేస్తారు. ఏరుకోకూడదు. అందులో ఏముందో మూడోకంటికి తెలియనివ్వకూడదు.

ఆ పెట్టె టైలరమ్మ చేతిలో ఉంటుంది. కొలతలు గీసుకోగా మిగిలిన గోధుమరంగు కాగితాన్ని ఆమే చీటీలుగా కత్తిరిస్తుంది. మంచాన పడ్డ తల్లి వాటిని పది పదిగా కట్టలు కడుతుంది. మొన్నామధ్య తల్లి కూడా ఒకటి రాసి మడిచి ఇచ్చింది.

"నా మోకాళ్ల కోసమేలే. పెట్టెలో పడెయ్యి."

టైలరమ్మ పద్ధతి తప్పే మనిషి కాదు. విప్పి చూడకుండానే వేసింది.

గొడుగావిడ మాత్రం విప్పి చూస్తుంది. ఎవరో, ఏమిటో ఎవరికీ తెలియదు. మూడు నెలలుగా వస్తోంది. ఎండయినా వానయినా నల్లగొడుగు పక్కన పెట్టుకుని ఆఖరి బల్ల మీద కూర్చుంటుంది. చీటీలు ఒక్కొక్కటే చదివి, మళ్లీ మడిచి పెట్టేసి, తనకు కావలసింది పట్టుకుపోతుంది.

ఆవిడ వెళ్లినచోట ఏమవుతోందో మొదట పసిగట్టింది చర్చిలో పాటలు పాడే వదిన.

"పోస్టుమాన్ తాతగారి గదికి వెళ్లింది. నాలుగో రోజు ఆయన పోయాడు."

"ఆయనకి ఎనభై దాటాయి కదా వదినా" అంది టైలరమ్మ.

"మరి వాచీలు బాగుచేసే ఆయన? బేకరీ పైగదిలో ఉండే టీచరమ్మ? ఒంటరివాళ్లని చూసి మరీ వెళ్లింది. వారం తిరక్కుండా ముగ్గురూ పోయారు."

"ఇలాంటివి మనం నమ్మొచ్చా?"

"నమ్మమని ఎవరన్నారు? తలుపేసుకోమంటున్నా."

పాస్టరుగారి చెవిన వేస్తే ఆయన నవ్వేశారు. "శకునాలు పట్టించుకునేవాళ్లం కాదు కదమ్మా మనం."

టైలరమ్మ ఆమెన్ అంది. మర్నాడే తలుపుకి రెండో గడియ పెట్టించింది.

ఈ ఆదివారం గొడుగావిడ రెండు చీటీలు చదివి పెట్టేసింది. మూడోది చదివి సంచిలో దాచుకుంది. తలెత్తి తిన్నగా టైలరమ్మ వంక చూసింది.

మంగళవారం పొద్దున్నే తలుపు చప్పుడయింది.

"వందనాలండీ. అమ్మగారిని ఒకసారి చూసిపోదామని."

"నిద్రపోతోంది."

"లేచేదాకా కూర్చుంటాను."

"వద్దండీ, మాకు పనుంది."

లోపల్నుంచి తల్లి సన్నగా అడిగింది. "ఎవరే అది?"

"ఎవరూ లేరమ్మా. ఇల్లు తప్పొచ్చారు."

తల్లి ఆ రోజంతా తలుపు వంకే చూస్తూ పడుకుంది.

బుధవారం గొడుగావిడ మళ్లీ వచ్చింది. తలుపు తెరుచుకోలేదు. గురువారం తలుపు కూడా తట్టకుండా ఎదురింటి మెట్ల మీద గొడుగు వేసుకుని కూర్చుంది. కుట్టుమిషను ముందున్న టైలరమ్మకి ఎటు తిరిగినా ఆ గొడుగే కనిపించింది.

డాక్టరు ఇక మందులు రాయడం మానేశాడు. "ఏ రోజైనా కావచ్చు" అన్నాడు. టైలరమ్మ ఆ మాట విననట్టే ఉండిపోయింది. ఆమెకి చావంటే చచ్చేంత భయం. తండ్రి పోతున్నప్పుడు గదిలోంచి పారిపోయి వీధి చివర నిలబడింది. అమ్మనైనా పోనివ్వకూడదు. ఆమె పట్టుదలంతా అదే.

శుక్రవారం మధ్యాహ్నం పెళ్లి గౌను అప్పజెప్పి రావాలి. వెళ్లి రావడానికి అరగంట. బయటికి రాగానే గొడుగావిడ ఎదురొచ్చింది.

"మీరు వెళ్లిరండి. నేను లోపల కూర్చుంటాను. ఇవాళ ఒక్కరోజు ఉండనివ్వండి."

ఆ 'ఇవాళ' అన్న మాటకి టైలరమ్మ తలుపుకి అడ్డంగా నిలబడింది.

"అసలు మీరెందుకొస్తున్నారు? చెప్పండి."

"చీటీలో మాట చెప్పకూడదు కదండీ."

"అయితే వెళ్లండి. మా అమ్మ జోలికి రాకండి."

తలుపుకి తాళం వేసి, రెండుసార్లు లాగి చూసుకుని మరీ వెళ్లింది.

తిరిగొచ్చేసరికి ఇంటి పక్క సందులోంచి ఎవరో మెల్లగా బైబిలు కీర్తన చదువుతున్నట్టు వినిపించింది. గొడుగు నేలమీద పడి ఉంది. ఆవిడ కిటికీ ఊచల్లోంచి భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి నిలబడి ఉంది. ఊచ ఒరుసుకుని మోచెయ్యి దగ్గర రక్తం వస్తోంది.

టైలరమ్మ తాళం తీసి లోపలికి పరిగెత్తింది.

తల్లి మంచం అంచుదాకా జరిగి ఉంది. చెయ్యి కిటికీ వైపు చాచి ఉంది. కళ్లు మూసి ఉన్నాయి. ఆ చేతికీ ఈ చేతికీ మధ్య జానెడు దూరం.

"అందలేదండీ" అంది గొడుగావిడ కిటికీ బయటినుంచి. "ఆవిడా చాలా ప్రయత్నం చేశారు."

"మా అమ్మనేం చేశావు?"

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. సంచిలోంచి చీటీ తీసి ఊచల మధ్యనుంచి ఇచ్చింది.

"మిగతా ముగ్గురూ ఇదే రాశారు. వాళ్లకి అందాను. ఇంక మీరు చదవొచ్చు."

గోధుమరంగు కాగితం. తను కత్తిరించిందే, తన చేత్తో పెట్టెలో వేసిందే. మోకాళ్ల ఊసే లేదు.

'పోయేటప్పుడు ఎవరైనా వచ్చి నా చెయ్యి పట్టుకోండి. మా అమ్మాయికి చావంటే భయం, పాపం, దానికి చెప్పకండి.'