తెర మీద పడ్డ చెప్పు

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు, మ్యాట్నీ నడుస్తుండగా, నీలవ్వ తెర మీదికి చెప్పు విసిరింది. చెప్పు తగిలింది. తెర చిరగలేదు.

మేనేజర్ హరిప్రసాద్ ఆమెను ఆఫీసు గదిలో కూర్చోబెట్టాడు. ఆయన ఆర్మూర్‌కు బదిలీ మీద వచ్చి రెండు నెలలైంది. సినిమా కథంతా దసరా నాడు ఒక్క పూటలో జరుగుతుంది. పండుగ పూట హత్యల సినిమాలు ఈ మధ్య ఎక్కువయ్యాయి. పటాకుల మోతలో తుపాకీ వినపడదు, జనంలో హంతకుడు కనపడడు. ఈ సినిమాలో ఆ జనం ఆర్మూర్ జనమే. పోయిన దసరాకు ఊళ్లో రావణదహనం జరుగుతుండగా తీశారు. రావణుడు ఒక్కసారే కాలతాడు కాబట్టి రెండో టేక్ లేదు. ఇప్పుడు ఊరంతా హంతకుణ్ని వదిలేసి తమ ముఖాలు వెతుక్కుంటోంది.

చెప్పు తగిలింది పసుపు కమీషన్ ఏజెంటు దేవిదాస్ ముఖానికి. మనవరాలిని భుజాల మీద ఎత్తుకొని ఆయన తెర మీద ఆరు సెకన్లు కనిపిస్తాడు. ఆ ఆరు సెకన్ల కోసం చుట్టాలందరినీ బాల్కనీకి తెచ్చాడు. వాళ్లు చూస్తుండగానే చెప్పు పడింది.

గేటు దగ్గర టికెట్లు చింపే ఎర్రన్న మేనేజర్‌ను పక్కకు పిలిచి సంగతి చెప్పాడు. ఆమెది మెండోర. పసుపు ధర దగ్గర ఆమె కొడుకు ముఖేష్ దేవిదాస్‌తో గొడవ పడ్డాడు. దసరా సాయంత్రం ఏడింటికి, ఊరంతా రావణుడి దగ్గర ఉండగా, దేవిదాస్ గోదాం తగలబడింది. ముఖేష్ నిప్పు పెడుతుంటే చూసిన మనిషి ఉన్నాడట. పది నెలలుగా ముఖేష్ జైల్లో ఉన్నాడు. సోమవారం వాయిదా.

"కడుపుమంట సార్," అన్నాడు ఎర్రన్న. "నాలుగు దినాల సంది రోజూ వస్తది. గీ సీను అయిపోంగనే లేచి పోతది."

దేవిదాస్ తలుపు తోసుకొని వచ్చాడు. వెనక చుట్టాలు.

"కొడుకేమో నా గోదాం కాలవెట్టిండు. నువ్వు నా ముఖం మీద చెప్పు ఇసిరితివి. నీకు గూడ జైలే కావాల్నా?"

నీలవ్వ దవడలు బిగుసుకున్నాయి. గొంతు మాత్రం పెంచలేదు.

"నీ మీద ఎందుకు ఇసురుత సేటూ? గా తెర మీదోడు నువ్వు కాదు."

"నేను గాకపోతె ఎవడే?"

"ఎవడో నీ అసొంటోడు. సినిమావోళ్లు యేషం గట్టిచ్చిండ్రు కావచ్చు."

గుమ్మంలో దేవిదాస్ బావమరిది నవ్వాడు. "బావా, నిజంగ నువ్వేనా?" అని అడిగాడు. దేవిదాస్ మెడ నరాలు ఉబ్బాయి.

"నేనే. దసరా నాడు, ఏడు గొట్టంగ. పొద్దుగూకినప్పటి సంది ఆడ్నే ఉన్న. ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర అయింది."

హరిప్రసాద్ సర్ది చెప్పబోయాడు. తెరకేమీ కాలేదు, పెద్దావిడ తప్పు ఒప్పుకుంటుంది, వదిలేయమన్నాడు. దేవిదాస్ వినలేదు. పోలీసులకు ఫిర్యాదు ఇస్తానన్నాడు.

"రాయమను సారూ," అంది నీలవ్వ. "గిప్పుడు చెప్పింది చెప్పినట్టు రాసి సంతకం పెట్టమను. కాళ్లు మొక్కుత."

రాజీకి అదే దారి అనిపించి హరిప్రసాద్ తెల్లకాగితం ఇచ్చాడు. దేవిదాస్ నిలబడే రాశాడు. పెన్ను రెండుచోట్ల కాగితంలో దిగింది. దసరా తేదీ, ఏడు గంటల సమయం, తెర మీద ఉన్నది తానేనన్న మాట, ఆ ముఖం మీద చెప్పు. సంతకం పెట్టాడు. కింద హరిప్రసాద్, ఎర్రన్న సాక్షి సంతకాలు పెట్టారు.

నీలవ్వ వంగి దేవిదాస్ కాళ్లు మొక్కింది. ఆయన చుట్టాలతో తిరిగి బాల్కనీకి వెళ్లాడు. ఆ కాగితం పోలీసుల దాకా పోనక్కర్లేదని హరిప్రసాద్ దాన్ని బీరువాలో పెట్టబోయాడు. నీలవ్వ జిరాక్స్ అడిగింది. తీసిచ్చాడు. ఆమె దాన్ని కొంగున ముడేసుకొని, మెండోర బస్సు వదిలేసి నిజామాబాద్ బస్సు ఎక్కింది.

ఆమె ఇంటికి పోలేదేమని హరిప్రసాద్ అడిగాడు. కోర్టు అక్కడే ఉందన్నాడు ఎర్రన్న.

ఆ కేసులో ప్రత్యక్ష సాక్షి ఒక్కడే, దేవిదాస్.